బియ్యప్పిండి గీత

"నువ్వు ఆ గొట్టంలో కన్ను పెట్టి బోర్లా పండుకుంటావు గదా, ఎనక నుంచి పాము వస్తే నీకెట్ల తెలుస్తాదే?"

కనకలక్ష్మి ఈ మాట బస్సంతా వినబడేలా అంది. ముందు సీట్లో కూరగాయల సంచీ ఒళ్ళో పెట్టుకున్నావిడ ఉలిక్కిపడి కాళ్ళు పైకి లాక్కుంది కూడా.

"ఎనక నువ్వు కూర్చోనుంటావు కదమ్మా," అంది నవ్య కిటికీలోంచి చూపు తిప్పకుండా. "పాము ముందు నిన్ను దాటాలి. నువ్వు అడిగే ప్రశ్నలు వింటే అదే అటునుంచటే పోతుంది."

"నవ్వు, నవ్వు. మీ నాయిన ఆ కెమెరా నీ చేతికిచ్చిన పొద్దు నుంచి నాకు నిద్దర లేదు."

"అంతకు ముందు ఉండేదా?"

ఉండేది కాదు. ఆ సంగతి కనకలక్ష్మికీ తెలుసు. కుక్కరు కూత ఆలస్యమైతే పేలుతుందేమోనని, నీళ్ళ ట్యాంకరు పెందలాడే వస్తే దారిలో ఎవరినైనా గుద్ది వచ్చిందేమోనని భయపడే మనిషి ఆమె. అయితే ఆ రోజు అన్ని భయాల నడుమ ఒక్క విషయంలో మాత్రం ఆమె గుండె నిబ్బరంగా ఉంది. తీతువు గుడ్లను ఇక ఎవరూ తొక్కరు. ఆ ఏర్పాటు నిన్న సాయంత్రమే చేసి వచ్చింది.

పోయిన వారం మనం ఆగింది ఆ సాయంత్రం దగ్గరే. ఆ సంచిక అందనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. ప్రొద్దుటూరు నుంచి వచ్చి మూసాపేటలో చిన్న ఫొటో స్టూడియో పెట్టుకున్న లక్ష్మీనారాయణ కూతురు నవ్య. డిగ్రీ రెండో సంవత్సరం పరీక్షలు రాసింది. తండ్రి పెళ్ళిళ్ళలో వాడి పక్కన పెట్టిన కెమెరాకు కిరాయికి తెచ్చిన పొడుగు లెన్సు తగిలించి, కొత్తగూడ అవతలి జింకల పార్కులో పిట్టల ఫొటోలు తీస్తోంది. పార్కువాళ్ళు వచ్చే ఏడాదికి కేలండర్ వేస్తున్నారు. పన్నెండు బొమ్మల్లో పదకొండు అయిపోయాయి. పన్నెండోది, తీతువు పిల్ల గుడ్డు పగలగొట్టుకొని బయటికి వచ్చే బొమ్మ. అది వస్తే కేలండర్ అడుగున నవ్య పేరు అచ్చవుతుంది. వాళ్ళ చుట్టాల్లో ఎవరి పేరూ ఇంతవరకు పెళ్ళి పత్రిక మీద తప్ప అచ్చయి ఎరగదు.

తీతువు అనగానే కనకలక్ష్మి ముఖం మాడిపోయింది. ఆ పిట్ట ఇంటి మీదుగా అరుచుకుంటూ పోతే ఆ ఇంట్లో ఒకరు పోతారని పుట్టినింట్లో విని పెరిగిన మనిషి. వద్దంది. ఏడ్చింది. కూతురు వినకపోతే తాను కూడా బయల్దేరింది. మూడు వారాలుగా వేపచెట్టు కింద గొడుగు వేసుకొని కూర్చొని, అరవై అడుగుల దూరంలో ఆ పిట్ట కాపురం చూస్తోంది. అది పుల్లా పుడకా తెచ్చి గూడు కట్టుకోలేదు. కంచె పక్కన కంకర నేల మీదే నాలుగు గుడ్లు పెట్టింది. గుడ్లది కూడా కంకర రంగే. ఎండ ముదిరితే పిట్ట గుంటకు పోయి కడుపు తడుపుకొని వచ్చి, ఆ తడి కడుపుతో గుడ్ల మీద కూర్చుంటుంది. అది చూసిన రోజున కనకలక్ష్మికి దాని మీద కోపం పోయింది. "కూత చెడ్డదైనా మనసు మంచిదే ముండకు," అంది.

నిన్న సాయంత్రం నవ్య ఆఫీసులో రిజిస్టరు మీద సంతకం పెట్టడానికి పోయినప్పుడు, రోడ్డు పని కూలీలు ఇద్దరు తెగిన కంచెలోంచి అడ్డదారిన వచ్చారు. ఒకడి చెప్పు గుడ్లకు జానెడు దూరంలో పడింది. కనకలక్ష్మి లేచి నిలబడింది. చౌరస్తా దగ్గర పిండిమరలో పట్టించుకున్న బియ్యప్పిండి సంచీలోనే ఉంది. ముగ్గు కనబడితే ఎంత తాగినవాడైనా పక్కకు తప్పుకొని పోతాడు. అంతకన్నా గట్టి కంచె ఎవరు వేయగలరు? గబగబా పోయి గుడ్ల చుట్టూ రెండు బారల మేర గుండ్రంగా గీత గీసి వచ్చింది. కూతురికి చెప్పలేదు. చెబితే కసురుతుందని.

ఇదీ సంగతి. ఇప్పుడు బస్సు దిగుదాం.

*

చౌరస్తా నుంచి పార్కు గేటు దాకా నడుస్తుంటే కుడివైపున కొత్త మేడ అద్దాలు ఎండకు భగ్గుమంటున్నాయి. గుండ్రంగా, నడుమ ఖాళీగా, పెద్ద గాజులా ఉండే ఆ మేడను ఇంకా పూర్తి చేయనేలేదు. దానికి పోయే రోడ్డు కోసమే పార్కు కంచె అవతల టిప్పర్లు కంకర దించుతున్నాయి.

గేటు దగ్గర వాచ్‌మన్ పెంటయ్య ఎదురొచ్చాడు. రోజూ బీడీ చెవి వెనక పెట్టుకొని నవ్వుతూ సలాం కొట్టే మనిషి, ఆ రోజు టోపీ చేత్తో పట్టుకొని ఉన్నాడు.

"అమ్మా, జల్ది రాండ్రి. సారు పొద్దుగాల్నే వచ్చి ఆడ నిలవడ్డడు. మస్తు గరం మీదున్నడు."

"ఏమైంది పెంటయ్యా?" అంది నవ్య.

"గుడ్ల సుట్టు ఎవలో ముగ్గు ఏసిండ్రు. రాత్రి డ్యూటీ నాదే గద, నన్ను అడిగిండు. నాకేం ఎర్క సార్, నా పెండ్లాం కూడ వాకిట్ల ముగ్గేస్త లేదు అన్న. ఇంకింత గరమైండు."

కనకలక్ష్మి కాళ్ళు అక్కడే ఆగాయి. ముగ్గు చూసి మెచ్చుకుంటారనుకుందో ఏమో, మొదట ఆమె మనసు కాస్త పొంగింది. పెంటయ్య చేతిలో నలుగుతున్న టోపీ చూశాక ఆ పొంగు చల్లారిపోయింది. నవ్య అప్పటికే పరుగులాంటి నడకతో పోతోంది. తల్లి వెనకే పోయింది.

రామ్మోహనరావు గుడ్లకు దూరంగా బండరాయి పక్కన నిలబడి ఉన్నాడు. పార్కుకు పెద్ద ఆఫీసరు ఆయనే. అమలాపురం వైపు మనిషి. నీడలో ఉన్నా నల్ల కళ్ళద్దాలు తీయడు. చంకలో రిజిస్టరు ఉంది.

"రామ్మా నవ్యా, రా," అన్నాడు. గొంతు హెచ్చలేదు. అదే భయంగా ఉంది. "కేలండర్లో బొమ్మ ముచ్చటగా ఉండాలని ముగ్గు కూడా పెట్టించావా? మధ్యలో గొబ్బెమ్మ మర్చిపోయినట్టున్నావు."

"నేను పెట్టలేదు సార్."

"మరి పిట్ట పెట్టుకుందా?"

పెంటయ్యకు నవ్వొచ్చింది. దగ్గుగా మార్చుకున్నాడు.

రామ్మోహనరావు రిజిస్టరు తెరిచి వేలు పెట్టాడు. "ఇది ఎవరి సంతకం? గూటికి పది అడుగుల లోపలికి పోను, అక్కడ ఏదీ పెట్టను, అక్కడి నుంచి ఏదీ తీయను. నువ్వే కదా రాసిచ్చావు? పోయిన ఏడు ఒక పెద్దమనిషి వచ్చాడు. బుల్‌బుల్ పిట్ట గూడు ఫొటోలో సరిగ్గా పడటంలేదని అడ్డంగా ఉన్న కొమ్మలు తాడేసి వెనక్కి కట్టాడు. ఫొటో బ్రహ్మాండంగా వచ్చిందండి. మర్నాటికి పిల్లల్ని కాకులు ఎత్తుకుపోయాయి. ఆ రోజే అనుకున్నా, ఇంకెవరికీ పాసు ఇవ్వకూడదని. మీ నాన్నగారు వచ్చి అడిగితే, చిన్నపిల్ల, శ్రద్ధగా ఉందని ఇచ్చాను. అదీ నా బుద్ధి తక్కువ."

నవ్య చూపు ముగ్గు మీద ఉంది. గీత ముగిసిన చోట ఒక చిన్న మెలిక. చివరన మణికట్టు తిప్పి చెయ్యి ఎత్తేస్తే పడే మెలిక అది. పుట్టినప్పటి నుంచి రోజూ పొద్దున వాకిట్లో దాటి బడికి పోయిన మెలిక. పైగా పిండి మల్లెపువ్వు తెలుపు కాదు. ఈ ఊళ్ళో అందరూ వేసే ముగ్గురాయి పొడి అయితే తెల్లగా మెరుస్తుంది. వాళ్ళ వీధి మొత్తానికి బియ్యప్పిండితో ముగ్గు వేసే మనిషి ఒక్కతే.

కనకలక్ష్మి కూతురి ముఖమే చూస్తోంది. ఇప్పుడు ఇటు తిరుగుతుంది, అమ్మా నువ్వేనా అంటుంది అనుకుంది. నవ్య తిరగలేదు. తల్లి వైపు పొరపాటున కూడా చూడకూడదన్నట్టు మెడ బిగించుకొని నిలబడింది.

"మాట్లాడవేం?" అన్నాడు రామ్మోహనరావు. "సరే. పాసు ఇటివ్వు."

నవ్య కెమెరా సంచీ జిప్పు తీసింది. పాసు బయటికి తీసి చెయ్యి చాచింది. ఇంత మాటకారి పిల్ల ఒక్క మాట అనకుండా ఇచ్చేస్తోంది.

తెలిసిపోయింది దీనికి, అనుకుంది కనకలక్ష్మి. తెలిసే నోరు మూసుకుంది.

"ఆ పాసు తీసుకోవద్దండి సార్." తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "ముగ్గు పెట్టింది నేను."

"అమ్మా, నువ్వు ఊరుకో," అంది నవ్య.

"నువ్వు ఊరుకో. ముప్పై ఏండ్లుగా భయంతోనే మాట్లాడుతాండా, భయం లేని మాట ఒకటి మాట్లాడేటప్పుడు అడ్డం రావద్దు." కొంగు నడుముకు దోపుకుంది. "నిన్న సాయంత్రం రోడ్డు కూలోళ్ళు అడ్డంబడి పోయినారు సార్. అడుగు అటు పడి ఉంటే గుడ్లు పచ్చడి. నా బిడ్డ అప్పుడు మీ ఆఫీసులో ఉండాది, రిజిస్టర్లో టైము రాసింటాది చూసుకోండి. ముగ్గు ఉంటే ఎవురూ తొక్కరని గీసినా. ఇప్పుడు చెప్పండి, ఎవురైనా తొక్కినారా?"

రామ్మోహనరావు కళ్ళద్దాలు తీశాడు. ఆయన కళ్ళు చూడటం కనకలక్ష్మికి అదే మొదటిసారి. కోపం కన్నా అలసటే ఎక్కువ కనబడింది.

"మనుషులు తొక్కలేదమ్మగారూ," అన్నాడు. "పెంటయ్యా, చూపించు."

పెంటయ్య బండరాయి మొదలు దగ్గర వంగి వేలితో చూపించాడు. రాతి నెర్రెలోంచి ఎర్రచీమల బారు బయల్దేరి, ఏడెనిమిది అడుగులు నేల మీద సాగి, ముగ్గును తాకి, అక్కడ రెండుగా చీలి ఆ గుండ్రటి గీత పొడుగునా పాకుతోంది. తెల్ల గీత సగం దాకా ఎర్రగా కదులుతోంది.

కనకలక్ష్మి వంగి ఆ బారునే చూసింది.

చీమలు వస్తాయని ఆమెకు తెలియకనా? బియ్యప్పిండితోనే ఎందుకు వేయాలో పదేళ్ళప్పుడు వాళ్ళమ్మ సుబ్బమ్మ చెప్పింది. పొద్దున్నే మనం తినే ముందు చీమలకింత పెట్టినట్టు ఉంటుందని. అప్పటి నుంచి రోజూ చీమలను పిలిచి వడ్డిస్తూనే ఉంది. నిన్న కూడా వడ్డించింది. విస్తరి మధ్యలో నాలుగు గుడ్లు పెట్టి మరీ.

"గుడ్డుకు చిల్లు పడగానే చీమలు లోపలికి దూరతాయమ్మా," అంది నవ్య మెల్లగా. కసరలేదు. కసిరినా బాగుండేది. లెన్సులోంచి చూసి మళ్ళీ అంది. "రెండు గుడ్లకు నెర్రె వచ్చింది. ఈ పూటే పిల్లలు బయటికి వస్తాయి."

"ఆ రెండేనా? మిగతా రెండు?"

నవ్య ఇంకాసేపు చూసింది. "మొత్తం మూడే ఉన్నాయి."

ముగ్గుకు అవతల, కంచె వైపు, అరచేతిలో సగమంత పెంకు ముక్క ఒకటి పడి ఉంది. అందరూ దాని వైపు చూశారు. చీమల పనేననుకున్నారు.

"పోనీ పౌడర్ తెస్త సార్," అన్నాడు పెంటయ్య చివరికి. "స్టోర్ల చీమల మందు ఉన్నది. సుట్టు సల్లితే ఒక్కటి మిగలది."

"పిల్లలు పుట్టిన గంటకే నేల మీద ముక్కుతో ఏరుకుంటాయి పెంటయ్యా," అంది నవ్య. "మందు కూడా ఏరుకుంటాయి."

"అట్లయితె చీపురు తెస్త. ఊడ్సి పారేస్త."

"చీపురు పెట్టినావంటే చీమలు చెదిరి నాలుగు దిక్కులకూ పోతాయి," అంది కనకలక్ష్మి. "లోపలి దిక్కుకు కూడా."

మాట అయితే ఆమే అంది, కానీ ఆ మాట అన్నాక ఆమెలో ఏదో సర్దుకుంది. ఇది పిట్టల సంగతి కాదు, కెమెరా సంగతి కాదు, రిజిస్టర్లో రాసే సంగతీ కాదు. చీమల సంగతి. పంచదార డబ్బా, నేతి గిన్నె, పండగ పిండివంటల జాడీ, వీటన్నిటినీ చీమల నుంచి కాపాడుకుంటూ వచ్చిన ఆడదానికి ఈ పార్కులో ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

"సార్, చీమలను తరిమితే పోవు. ఇంగోచోటికి పిలిస్తే పోతాయి. దోవ మార్చేదానికి నాకు ఇరవై నిమిషాలు ఇయ్యండి."

"గూటి దగ్గరికి ఎవరూ పోకూడదండి. అది రూలు."

"రూలు తప్పింది నేను. తప్పిన కాళ్ళతోనే ఇంగోసారి పోయి సరి చేసి వస్తా. కొత్త కాళ్ళు ఎందుకు?"

"పిట్ట బెదిరి గూడు వదిలేస్తే?"

కనకలక్ష్మి ఆకాశం వైపు చూసింది. తొమ్మిది దాటింది. మే నెల ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. పిట్టలు రెండూ దూరంగా గుంట గట్టు మీద నిలబడి ఇటే చూస్తున్నాయి. గుడ్ల మీద నీడ లేదు.

"వదిలేస్తే ఆ పాసు నేనే తెచ్చి మీ చేతిలో పెడతా. నా బిడ్డ ఇంగ ఈ గేటు తొక్కదు. పిట్ట వచ్చి కూర్చుందంటే మటుకు పాసు నా బిడ్డ చేతిలోనే ఉండాల."

రామ్మోహనరావు నవ్య వైపు చూశాడు. నవ్య తల్లి వైపు చూస్తోంది, మూడు వారాల్లో ఎన్నడూ చూడనట్టు.

"కానీండి," అన్నాడాయన. నవ్య చేతిలోంచి పాసు తీసుకొని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

*

టిఫిన్ డబ్బా పై గిన్నెలో బొరుగుల ఉండలు ఉన్నాయి. నవ్య కోసం బెల్లం పాకం పట్టి నిన్ననే చుట్టినవి. కనకలక్ష్మి నాలుగు ఉండలు పిడికిట నలిపింది. బండరాయి మొదలు దగ్గర, చీమలు బయటికొచ్చే నెర్రెకు రెండు జానల దూరంలో ముగ్గు దిక్కుకు కాకుండా పక్కకు ఒక కుప్ప పోసింది. నెర్రె నుంచి కుప్ప దాకా బెల్లం పొడితో సన్నని దారి వేసింది.

"పోండి నాయినా, పోండి. ఉత్త పిండి ఏం తింటారు, ఈడ బెల్లం ఉండాది."

ముందు నాలుగు చీమలు తిరిగాయి. వాటి వెనక ఇంకో పది. నెర్రెలోంచి కొత్తగా వచ్చేవి ముగ్గు దారి వదిలేసి కుప్ప మీదికి ఎక్కసాగాయి.

"అరె, లైన్ మార్చినయ్ సార్!" అన్నాడు పెంటయ్య. "బస్సు రూటు మార్చినట్టే."

ఇక ముగ్గు మీద ఉన్నవి. కనకలక్ష్మి నీళ్ళ సీసా ఒంపి తువ్వాలు తడిపి పిండింది. వంగి అడుగులో అడుగు వేసుకుంటూ గీత దగ్గరికి పోయింది. అంతే, గుంట గట్టు మీది పిట్టలు రెండూ లేచాయి.

తీతువు కూత ఇంటి మీదుగా పోతేనే వణికిపోయే మనిషి నెత్తికి బారెడు ఎత్తులో ఇప్పుడు రెండు తీతువులు అరుస్తున్నాయి. ఒకటి నేరుగా ముఖం మీదికి దూకి, చెంపకు గాలి తగిలేంత దగ్గరలో పక్కకు తప్పుకుంది. కనకలక్ష్మి కళ్ళు మూసుకుంది. ఇంట్లో ఉన్న ముగ్గురి పేర్లూ ఆమె మనసులో తిరిగాయి. మూసాపేట స్టూడియోలో భర్త కరెంటు తీగ ముట్టుకుంటాడా? కూతురు ఇక్కడే ఏదో అవుతుందా? లేక పోయేది తనేనా?

మళ్ళీ కూత. ఈసారి దూరం నుంచి కాదు కాబట్టి ఆమెకు అందులో ఇంకేదో వినబడింది. పోండి, పోండి, నా బిడ్డలు, నా బిడ్డలు. అంతే కదా అది అరుస్తున్నది. రోజూ బస్సులో తాను అరుస్తున్నదీ అదే కదా.

కళ్ళు తెరిచింది. "అరుచుకో తల్లీ," అంది పైకి చూడకుండానే. "అరుచుకో. నేనూ అట్లే అరుస్తా. నా మాట ఎవురూ వినరు, నీ మాట మటుకు నేను ఇంటాండా. రెండు నిమిషాల్లో పోతా."

తడి తువ్వాలు గీత మీద అద్దింది, ఎత్తింది, మడత మార్చింది, మళ్ళీ అద్దింది. పిండీ చీమలూ కలిసి గుడ్డకే అంటుకొని వస్తున్నాయి. వేళ్ళను పది చోట్ల కుట్టాయి. చెయ్యి వెనక్కి తీయలేదు. వెనక నుంచి క్లిక్‌మని ఒక చప్పుడు వినబడింది.

"నన్నెందుకు తీస్తాండావే, రీలు దండగ!"

"దండగ కాదులే అమ్మా," అంది నవ్య.

గీత చుట్టూ తిరిగి వస్తూ కనకలక్ష్మి పెంకు ముక్క పక్కగా పోయింది. ముట్టుకోలేదు కానీ వంగి చూసింది. పెంకు శుభ్రంగా ఉంది. దాని మీద ఒక్క చీమ కూడా లేదు. ఇంత తిండి వదిలేసి పోతాయా చీమలు? ఏమో. అప్పుడు దాని గురించి ఆలోచించే తీరిక లేదు. ఎడమకాలు ఎక్కడ మోపాలో, పిట్ట ఏ పక్క నుంచి దూకుతుందో, అంతవరకే ఆమె బుర్ర పనిచేస్తోంది.

తిరిగి వచ్చేసరికి చీర చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. వేళ్ళు ఎర్రగా పొంగాయి. నవ్య ఆ వేళ్ళు పట్టుకొని సీసాలో మిగిలిన నీళ్ళు పోసింది.

*

నలుగురూ వేపచెట్టు కిందికి పోయి కూర్చున్నారు. రామ్మోహనరావు గడియారం చూసుకున్నాడు.

పిట్టలు అరవడం ఆపాయి కానీ రాలేదు. ఒకటి గుంట గట్టు మీద, ఇంకొకటి కంచె దగ్గర. రెండూ రాతి బొమ్మల్లా నిలబడిపోయాయి. పది నిమిషాలయింది. పదిహేనయింది. నేల మీంచి ఎండ సెగ ఆవిరిలా లేచి గుడ్లు కదులుతున్నట్టు కనబడుతున్నాయి.

"గుడ్డులో పిల్ల చచ్చిపోయిందేమోనే, సప్పుడే లేదు," అంది కనకలక్ష్మి రహస్యంగా.

"లేదమ్మా. పగిలే ముందు గుడ్డులోంచే పలుకుతాయి అవి. కానీ తల్లి అపాయమని అరిస్తే ఇక నోరెత్తవు. ఊపిరి కూడా బిగబట్టి పడి ఉంటాయి. తల్లి అరుపు మాని మామూలుగా పిలిస్తేనే జవాబు చెబుతాయి."

కనకలక్ష్మి కూతురి వైపు కాసేపు చూసింది. "నన్నే గదా అంటాండావు?"

"పిట్టను అంటున్నా."

"పిట్టనేనంట." కనకలక్ష్మి కాస్త దగ్గరికి జరిగింది. "ఆ పాసు ఇచ్చేస్తాంటే నా పేరు ఎందుకు చెప్పలేదే?"

నవ్య లెన్సు లోంచి కన్ను తీయలేదు. "మూడు వారాలు నా కోసం ఈ ఎండలో కూర్చున్నది నువ్వు. సారు కాదు కదా."

రామ్మోహనరావు ఇది వినబడనట్టు రిజిస్టరు అట్ట గోకుతూ కూర్చున్నాడు.

అప్పుడు గట్టు మీది పిట్ట కదిలింది. నాలుగడుగులు గబగబా వేసి ఆగింది. మెడ నిలబెట్టింది. మళ్ళీ నాలుగడుగులు. ముగ్గు వేసిన చోట ఆగి నేలను ఒకసారి ముక్కుతో పొడిచి చూసింది. అక్కడ ఏమీ లేదు. ఉత్త తడి నేల. మెల్లగా గుడ్ల మీదికి ఎక్కి, కడుపు ఈకలు అటూ ఇటూ సర్దుకొని కూర్చుంది.

"కూసున్నది!" అన్నాడు పెంటయ్య ఊపిరితో.

రామ్మోహనరావు జేబులోంచి పాసు తీశాడు. నవ్యకు ఇవ్వలేదు. లేచి వచ్చి కనకలక్ష్మి చేతిలో పెట్టాడు. "మీరే ఉంచండమ్మగారూ. మీ అమ్మాయి రూలు తప్పితే మీరే లాక్కోండి. మీరు తప్పితే ఎవరు లాక్కోవాలో నాకు తెలియడంలేదు."

ఆమె ఆ అట్టముక్కను రెండు చేతులా పట్టుకుంది. దాని మీద కూతురి ఫొటో, కూతురి పేరు. పొంగిన వేళ్ళ నొప్పి అప్పుడు తెలిసింది.

కానీ నవ్య ఇటు చూడటంలేదు. లెన్సు గుడ్ల మీది నుంచి మెల్లగా పక్కకు తిరిగింది. "రెండోది ఎందుకు రావడంలేదు?" అంది తనలో తాను.

రెండో పిట్ట కంచె దగ్గరే ఉంది. గూటి వైపు చూడటంలేదు, వీపు ఇటు పెట్టి రోడ్డు వైపు చూస్తోంది. అటు నాలుగడుగులు పోతోంది, ఆగుతోంది, వెనక్కి వస్తోంది. తెగిన కంచె కింద మెడ వంచి, ఇంతసేపూ అరిచిన గొంతుతో కాకుండా ఇంకో గొంతుతో, చిన్నగా, లోపలి నుంచి పిలిచింది.

జవాబు లేదు.

మళ్ళీ పిలిచింది. వేపాకులు కూడా కదలడంలేదు. పెంటయ్య చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. కంచె అవతల టిప్పరొకటి ఇంజను ఆపి ఉంది. డ్రైవరు టీ గ్లాసు కింద పెట్టి తలుపు తీశాడు.

పిట్ట మూడోసారి పిలిచింది. కనకలక్ష్మికి చీమ లేని ఆ పెంకు ముక్క కళ్ళ ముందు మెదిలింది. అది చీమలు తిన్న గుడ్డు కాదు. పొద్దు పొడవక ముందే పగిలిన గుడ్డు. పుట్టిన కాసేపటికే కాళ్ళ మీద నిలబడి నడిచే పిల్ల. పొద్దున్నే ఇంతమంది వచ్చి నిలబడితే బెదిరి అది ఎటు పోయి ఉంటుంది?

"ఒక్కసారి పలుకు నాయినా," అంది గొంతులోనే. "ఇంగ ఎవురూ అరవరు. పలుకు."

చాలాసేపు ఏమీ వినబడలేదు.

ఆ తరువాత సన్నగా, దారమంత సన్నగా, ఒక్క పలుకు వినబడింది. ఆ జవాబు గూటిలోంచి రాలేదు. కంచె అవతల, నిన్న దించిన కంకర కుప్ప అంచు నుంచి వచ్చింది. సరిగ్గా అప్పుడే టిప్పరు ఇంజను గుర్రుమని, పెద్ద చక్రాలు ఆ కుప్ప వైపు వెనక్కి తిరగడం మొదలుపెట్టాయి.